ఫిర్యాదు ఏ దేశంలో ఇవ్వాలి?

2022 సెప్టెంబరులో మా పిన్ని గూడూరులో పెరటి మెట్లమీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అక్కడి డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆలస్యం చేయకుండా మద్రాసు తీసుకెళ్లిపొమ్మన్నాడు. మేముండేది చూళైమేడులో. రాత్రికి రాత్రే అంబులెన్స్‌లో తీసుకొచ్చేశాం. తెల్లారేసరికి నేను ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు ముందు ఉన్నాను. ఆపరేషన్‌కి ముందు 1,20,000 డిపాజిట్ కట్టాలన్నారు.

పిన్ని కొడుకు సింగపూర్‌లో షిప్‌యార్డులో పనిచేస్తాడు. ఫోన్ చేసి విషయం చెప్పాను. పది నిమిషాల్లో ఒక యాప్‌లోంచి 2,000 సింగపూర్ డాలర్లు పంపేశాడు. మన లెక్కలో లక్షా పదమూడు వేల చిల్లర. "అక్కా, ఇక్కడ కట్ అయిపోయింది, కాసేపట్లో అమ్మ ఖాతాలో పడిపోతుంది, నువ్వేం టెన్షన్ పడకు" అన్నాడు. తెర ఫొటో కూడా పంపాడు. పచ్చటి గీత సగందాకా నిండి ఉంది. దాని కింద "ప్రాసెస్ అవుతోంది" అని ఉంది.

ఆ గీత పదకొండు రోజులు అలాగే సగంలో ఉంది.

మొదటిరోజు మధ్యాహ్నందాకా చూసి, నా గాజులు నాలుగూ తీసుకెళ్లి టి.నగర్‌లో కుదువపెట్టి డిపాజిట్ కట్టాను. ఆపరేషన్ అయింది, పిన్ని ఇప్పుడు బాగానే నడుస్తోంది. కాబట్టి ఇది విషాదగాథ కాదు. కానీ ఆ పదకొండు రోజులూ నేనూ తమ్ముడూ చేసిన ఫోన్లు నేను మరిచిపోలేను. అతను అక్కడ కంపెనీకి చేస్తే, "మా వైపునుంచి వెళ్లిపోయింది, ఇండియా బ్యాంకును అడగండి" అనేవాళ్లు. నేను ఇక్కడ బ్రాంచికి వెళితే, "మాకింకా రాలేదు మేడం, పంపినవాళ్లనే అడగమనండి" అనేవాళ్లు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరి మాటా వాళ్లవాళ్ల కంప్యూటర్ల ప్రకారం నిజమే కావచ్చు. మధ్యలో లక్షా పదమూడు వేలు ఎక్కడున్నాయో చెప్పే మనిషి మాత్రం రెండు దేశాల్లోనూ లేడు.

ఎనిమిదో రోజున తేలింది. పేరు సరిపోలేదట. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పిన్ని పాస్‌బుక్కులో ఇంటిపేరుకు ఒక్క అక్షరం పొడి, దాని పక్కన పేరు, చివర అమ్మ. సింగపూర్ ఫారంలో మొదటి పేరుకు ఒక గడి, చివరి పేరుకు ఒక గడి. వాడు ఇంటిపేరు పూర్తిగా రాసి, అది మొదట వస్తుంది కదా అని మొదటి గడిలో పెట్టాడు. ఎవరి మిషనో ఆ రెండు పేర్లూ వేర్వేరు మనుషులవని లెక్కేసి డబ్బును పక్కన పెట్టింది. పక్కన పెట్టామని పంపినవాడికీ చెప్పలేదు, అందుకోవలసిన ఆవిడకీ చెప్పలేదు. తేలాక కూడా ఇంకో మూడు రోజులు.

నాకు దీనిమీద ఇంత కోపం ఎందుకంటే, నేనూ కౌంటరు అవతలివైపు కూర్చున్నదాన్నే. మద్రాసు పారీస్ కార్నర్ దగ్గర ఒక బ్యాంకులో ఇరవై రెండేళ్లు, అందులో ఎక్కువ భాగం విదేశీ డబ్బు వ్యవహారాలు చూసే ఫారెక్స్ సెక్షన్‌లో పనిచేసి 2019లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద విరమణ) తీసుకున్నాను. కువైట్ నుంచి మొగుడు పంపిన డబ్బు రాలేదని కడప జిల్లానుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లకు నేనే చెప్పాను, "మాకు రాలేదమ్మా, అక్కడ అడగమను" అని. ఒకావిడ కొంగున కట్టుకున్న చీటీ విప్పి చూపించేది. అందులో అరబ్బీలో ఏదో అచ్చు, పక్కన బాల్‌పెన్‌తో ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని నేనేమీ చేయలేకపోయేదాన్ని. నిజానికి నేను చేయాలని ఎవరూ నాకు చెప్పలేదు, ఏ సర్క్యులర్‌లోనూ అది నా పని అని రాయలేదు. నా సంతకం పడాల్సిన చోట మొదలయ్యేది నా బాధ్యత, దానికి ముందు జరిగింది ఏదైనా వేరే దేశం సంగతి.

బయటివాళ్లకు తెలియని విషయం ఒకటి చెబుతాను. దేశాల మధ్య డబ్బు ప్రయాణం చేయదు. ప్రయాణం చేసేది ఒక సందేశం. మన బ్యాంకుకు అక్కడి బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది, దాన్ని నాస్ట్రో అంటారు. అక్కడ మన ఖాతాలో జమ పడింది, ఇక్కడ ఫలానా మనిషికి ఇవ్వండి అని సందేశం వస్తుంది. ఆ సందేశంలో పేరు, ఖాతా నంబరు, డబ్బు దేనికోసమో చెప్పే కోడ్ ఉంటాయి. ఇంటి ఖర్చులకు పంపేదైతే పి1301. ఎక్కడైనా ఆగితే ట్రేసర్ అని ఇంకో సందేశం పంపి వెతుకుతారు. చిన్న మొత్తాలు పంపే కంపెనీలు ఇంకా చౌకగా చేస్తాయి. రెండు వైపులా ముందే కొంత డబ్బు నిల్వ పెట్టుకుని, అక్కడ తీసుకున్నది అక్కడే ఉంచి, ఇక్కడున్న దాంట్లోంచి ఇచ్చేస్తాయి. ఇదంతా చక్కగా నడుస్తుంది, నూటికి తొంభైతొమ్మిదిసార్లు. నేను మాట్లాడుతున్నది ఆ మిగిలిన ఒక్కసారి గురించి. ఎందుకంటే ఆ ఒక్కసారి ఎప్పుడూ ఆసుపత్రి కౌంటరు దగ్గరో, ఫీజు కట్టే ఆఖరు తేదీనాడో వస్తుంది. మామూలు రోజున డబ్బు రెండు రోజులు ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు కాబట్టి మనకు గుర్తుండదు.

ఆ తర్వాత ఐదు నెలలకు, 2023 ఫిబ్రవరి 21న, మన యూపీఐనీ, సింగపూర్‌లో అలాంటిదే అయిన పేనౌనీ కలిపారు. రెండు దేశాల ప్రధానులూ వీడియోలో చూస్తుండగా, అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్, సింగపూర్ మానిటరీ అథారిటీ అధిపతి రవి మీనన్ మొదటి లావాదేవీ చేశారు. నేను టీవీలో చూశాను. నిజంగా సంతోషపడ్డాను. మొదట చేరిన బ్యాంకుల్లో స్టేట్ బ్యాంకు, ఐసీఐసీఐలతో పాటు మా మద్రాసు బ్యాంకులు రెండున్నాయి, ఇండియన్ బ్యాంకు, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు. రోజుకు 60,000 రూపాయల దాకా, సుమారు 1,000 సింగపూర్ డాలర్లు, ఫోన్ నంబరుకో యూపీఐ ఐడీకో పంపొచ్చన్నారు. 2023 జూలైలో యూఏఈతో కూడా ఒప్పందాలు రాసుకున్నారు, మన యూపీఐని వాళ్ల చెల్లింపుల వ్యవస్థతో కలపడానికీ, రూపాయి దిర్హాముల్లోనే లెక్క తేల్చుకోవడానికీ. 2024లో మలేసియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో కలిసి నెక్సస్ అనే ఉమ్మడి ఏర్పాటులో చేరుతున్నట్టు రిజర్వ్ బ్యాంకు ప్రకటించింది. ఒక్కో దేశంతో ఒక్కో తీగ లాగకుండా అందరూ ఒకే కూడలికి వచ్చి కలిసే పద్ధతి అది.

ఇవన్నీ మంచి పనులు. వీటిని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు పడదు. రిజర్వ్ బ్యాంకు సర్వే లెక్కలో 2023-24లో బయటినుంచి మనవాళ్లు ఇంటికి పంపింది 11,870 కోట్ల డాలర్లు. అందులో 6.6 శాతం సింగపూర్‌నుంచే వచ్చింది. అందుకున్న రాష్ట్రాల్లో తమిళనాడు వాటా 10.4 శాతం, తెలంగాణ 8.1, ఆంధ్రప్రదేశ్ 4.4. ఇంత డబ్బు దారిలో ఒక్క శాతం తరుగు తగ్గినా ఎన్ని ఇళ్లకు మేలో చెప్పక్కర్లేదు.

అయితే సహకారం అనే మాట విన్నప్పుడల్లా నేను ఒకటి చూస్తాను. గొడవ వస్తే ఏం చేస్తారో రాసుకున్నారా లేదా?

పెద్దవాళ్ల దగ్గరికొస్తే రాసుకుంటారు. మన షేర్ల ధరల సూచీ నిఫ్టీమీద సింగపూర్ ఎక్స్ఛేంజ్‌లో ఏళ్ల తరబడి వ్యాపారం జరిగేది. 2018లో మన ఎక్స్ఛేంజ్‌లు ఇక బయటివాళ్లకు లైసెన్సు ఇవ్వబోమన్నాయి. వివాదం బొంబాయి హైకోర్టుకెళ్లింది, అక్కడినుంచి మధ్యవర్తిత్వానికెళ్లింది. చివరికి ఇద్దరూ కూర్చుని ఎవరి ఆర్డర్లు ఎక్కడ నమోదు కావాలి, లావాదేవీ ఎక్కడ తేలాలి అన్నీ తేల్చుకుని, 2023 జూలై 3న మొత్తం వ్యవహారాన్ని గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీకి తెచ్చి గిఫ్ట్ నిఫ్టీ అని పేరు పెట్టారు.

ఇంకోటి. మన దేశంలో క్లియరింగ్ కార్పొరేషన్లని ఉంటాయి, కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య నిలబడి పూచీ ఇచ్చే సంస్థలు. యూరప్ నియంత్రణ సంస్థ ఎస్మా 2022 అక్టోబరు 31న అలాంటి ఆరు భారతీయ సంస్థలకు గుర్తింపు ఉపసంహరిస్తున్నట్టు చెప్పింది. కారణం, మన నియంత్రణ సంస్థలతో వాళ్ల చట్టం కోరినట్టు సహకార ఒప్పందం లేకపోవడం. మా ఇంట్లో సంస్థను మేం చూసుకుంటాం, మీరొచ్చి తనిఖీ చేయడమేమిటి అన్నది మనవాళ్ల అభ్యంతరం. అది సబబైన అభ్యంతరమే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌తో ఇదే విషయం మాట్లాడుకుని 2023 డిసెంబరు 1న సంతకాలు చేశారు. పర్యవేక్షణ మన రిజర్వ్ బ్యాంకుదే, దానిమీద వాళ్లు ఆధారపడతారు, సమాచారం పంచుకుంటారు అన్నది సారాంశం. చూశారా, రెండు దేశాల చట్టాలు ఎదురెదురుగా నిలబడ్డా, కూర్చుని మాట్లాడితే దారి దొరుకుతుంది. సార్వభౌమత్వం అడ్డం కాలేదు.

మా మద్రాసు అనుభవమే ఇంకోటి ఉంది. 2020 నవంబరు 17న లక్ష్మీ విలాస్ బ్యాంకుమీద మారటోరియం పెట్టారు. 1926లో కరూరులో పుట్టిన బ్యాంకు. ఖాతాదారులు 25,000కు మించి తీసుకోకూడదన్నారు. మా వీధి చివరి టైలరు దానిలోనే చీటీ డబ్బులు దాచుకున్నాడు, ఆ వారం ఆయన మొహం చూడలేకపోయాం. రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకును సింగపూర్ బ్యాంకు డీబీఎస్‌కు ఇక్కడున్న అనుబంధ బ్యాంకులో కలిపేసింది. 2,500 కోట్ల పెట్టుబడి అవతలినుంచి వచ్చింది. నవంబరు 27 కల్లా మారటోరియం ఎత్తేశారు. వాటాదారులకు ఏమీ మిగల్లేదు, కొందరు బాండ్లవాళ్ల డబ్బు పోయింది, అది వేరే చర్చ. డిపాజిటర్ల డబ్బు మాత్రం రూపాయి పోలేదు. ఒక మొత్తం బ్యాంకును దేశం దాటిన డబ్బుతో నిలబెట్టడానికి పది రోజులు పట్టింది. మా పిన్ని ఖాతాలో ఒక ఇంటిపేరు సరిచేయడానికి పదకొండు.

ఈ పోలిక నేను ఎత్తిపొడుపుకు చేయడం లేదు. మొదటి పనికి ఎవరు బాధ్యులో తెలుసు. రెండో పనికి తెలియదు. తేడా అంతా అక్కడే ఉంది.

మన దేశం లోపల ఈ బాధ్యత సంగతి రిజర్వ్ బ్యాంకు చాలా చక్కగా తేల్చింది. 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో ఒకరి ఖాతాలోంచి డబ్బు పోయి ఇంకొకరికి చేరకపోతే, మర్నాటికల్లా తనంతట తానే తిరిగి రావాలి. రాకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, ఖాతాదారుడు అడగక్కర్లేదు, ఫిర్యాదు ఇవ్వక్కర్లేదు. నేను బ్యాంకులో ఉండగా చివరిగా చదివిన మంచి సర్క్యులర్లలో అదొకటి. రోజుకు 100 అంటే చిన్న మొత్తమే. కానీ గడియారం ఎవరి నెత్తిన తిరుగుతోందో అది చెబుతుంది. కౌంటరులో కూర్చున్నవాళ్లు మారిపోతారు, నేను కళ్లారా చూశాను. "అక్కడ అడగండి" అనే మాట తగ్గిపోతుంది, ఎందుకంటే ఆ మాట అన్న ప్రతిరోజూ బ్యాంకుకు 100 రూపాయలు.

అదే సర్క్యులర్ అనుబంధంలో ఒక వాక్యం ఉంది. ఇది దేశీయ లావాదేవీలకే వర్తిస్తుంది, అంటే పంపేవారూ అందుకునేవారూ ఇద్దరూ భారతదేశంలో ఉంటేనే.

బ్యాంకులమీద ఖాతాదారుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ సంగతీ అంతే. 2021 నవంబరులో రిజర్వ్ బ్యాంకు మూడు వేర్వేరు పథకాలను కలిపి ఒకటి చేసింది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఒకే చోట ఫిర్యాదు పెట్టొచ్చు. గొప్ప సౌకర్యం. కానీ దాని చేయి రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలదాకానే వెళ్తుంది. సింగపూర్‌లోనూ ఇలాంటి వివాదాలు చూసే ఫిడ్రెక్ అనే సంస్థ 2005నుంచి ఉంది, అది అక్కడి సంస్థలను చూస్తుంది. తప్పు ఈ గట్టున జరిగిందో ఆ గట్టున జరిగిందో ముందే తెలిసినవాడికి ఇవి పనికొస్తాయి. డబ్బు పోగొట్టుకున్నవాడికి తెలియనిదే అది కదా. ఏ గట్టున పోయిందో చెప్పగలిగితే వాడు సగం గెలిచినట్టే.

బ్యాంకుల మధ్య లెక్కలు సరిచూసుకునే పద్ధతులు ఉంటాయి, అవి లేకుండా ఏ వ్యవస్థా ఒక్కరోజు నడవదు. యూపీఐ-పేనౌలోనూ ఉంటాయి. నేనడిగేది వాటి గురించి కాదు. ఖాతాదారుడి చేతిలో ఉండే హక్కు గురించి అడుగుతున్నాను. మర్నాటికి రాకపోతే ఫలానావాళ్లు నాకు జవాబుదారీ, ఇంత పరిహారం అని అతను వేలు పెట్టి చూపించగలిగే ఒక కాగితం గురించి.

ప్రపంచ స్థాయిలో కూడా ఇదే ఖాళీ ఉంది. జీ20 దేశాలు 2021లో సరిహద్దులు దాటే చెల్లింపులకు లక్ష్యాలు పెట్టుకున్నాయి. ఖర్చు, వేగం, అందుబాటు, పారదర్శకత అని నాలుగు అంశాలు. 2027 చివరికి ఎక్కువ భాగం చెల్లింపులు గంటలోపు చేరాలన్నారు. ఇంటికి పంపే డబ్బుమీద ఖర్చు 2030కల్లా 3 శాతం లోపుకు రావాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. అన్నీ అవసరమే. చేరకపోతే ఎవరిని అడగాలి అన్నది మాత్రం ఆ నాలుగింట్లో లేదు. గంటలో చేరే వ్యవస్థలో గంట తర్వాత కూడా చేరనివాడి టెన్షన్ ఇంకా ఎక్కువ. పాతకాలంలో నాలుగు రోజులు ఆగడం మామూలే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఐదు నిమిషాలు దాటితే గుండె దడ.

ఈ మాట నేను చెబితే, నాతో పనిచేసినవాళ్లే ఒకరిద్దరు, "అది జరిగే పని కాదు, ఒక దేశపు అంబుడ్స్‌మన్ ఇంకో దేశపు బ్యాంకును ఎలా ఆదేశిస్తాడు" అన్నారు. నేను ఆదేశించమనడం లేదు. రిజిస్టర్ ఉత్తరం సంగతి చూడండి. 1874లో బెర్న్‌లో దేశాలన్నీ కలిసి పెట్టుకున్న తపాలా సమాఖ్య నియమాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. విదేశానికి పంపిన రిజిస్టర్ ఉత్తరం పోయిందనుకోండి. పంపినవాడు ఆ దేశం వెళ్లి వెతుక్కోనక్కర్లేదు. తను పోస్టు చేసిన దేశంలోనే అడుగుతాడు. తపాలా శాఖ ఆరా తీస్తుంది. పోయిందని తేలితే పరిహారం పంపినవాడికి ఇచ్చేసి, తప్పు అవతలివాళ్లదైతే వాళ్ల దగ్గర తర్వాత రాబట్టుకుంటుంది. ఇద్దరు తపాలా అధికారుల మధ్య పంచాయితీ తేలేదాకా ఉత్తరం రాసినవాణ్ని నిలబెట్టరు. ఒక కాగితం ముక్కకు ఇంత దిక్కు ఏర్పాటు చేసిన దేశాలు, ఒక మనిషి నెల జీతానికి చేయలేవంటే నేను నమ్మను.

డబ్బు విషయంలోనే కావాలంటే యూరప్‌లో ఫిన్‌నెట్ ఉంది, 2001నుంచి. అక్కడ ఒక దేశంలో ఉండేవాడికి ఇంకో దేశపు బ్యాంకుతో తగాదా వస్తే, తన దేశంలో ఉన్న వివాద పరిష్కార సంస్థ దగ్గరికి వెళ్లొచ్చు. వాళ్లు ఎవరి పరిధిలోకి వస్తుందో చూసి, అతన్ని అక్కడికి చేరుస్తారు. ఎవరి చట్టం వాళ్లదే, ఎవరి అధికారం వాళ్లదే. ఫిర్యాదుకు దారి మాత్రం ఒకటే.

మనకూ సింగపూర్‌కూ మధ్య ఇది చేయడానికి ఇంకేం కావాలి? రెండు నియంత్రణ సంస్థలు, రెండు పరిష్కార సంస్థలు, వాడుకలో ఉన్న ఒక మార్గం, అన్నీ ఉన్నాయి. పిన్ని గూడూరులో తెలుగులో ఫిర్యాదు ఇస్తే దానికొక నంబరు పడాలి. ఆ నంబరు రెండు వైపులా ఒకటే అయి ఉండాలి. మర్నాటినుంచి గడియారం మొదలవాలి. పరిహారం ముందు ఖాతాదారుడికి ఇచ్చి, తప్పెవరిదో బ్యాంకులు తర్వాత తేల్చుకోవాలి. పేరు సరిపోలక ఆపితే, ఆపామని అదే గంటలో ఇద్దరికీ మెసేజ్ వెళ్లాలి. ఈ చివరిదానికి కొత్త ఒప్పందం కూడా అక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం గట్టిది. దొంగ డబ్బు సంగతేమిటి? అనుమానం వచ్చినప్పుడు డబ్బు ఆపకపోతే మోసగాళ్లకు దారి తెరిచినట్టే కదా, ఆపిన ప్రతిదానికీ పరిహారం ఇమ్మంటే బ్యాంకులు ఆపడమే మానేస్తాయి కదా? నేను చాలాకాలం దీనిమీద ఆలోచించాను. ఫారెక్స్‌లో పనిచేసినదాన్ని, అనుమానాస్పద లావాదేవీల రిపోర్టులు నేనూ పంపాను. ఆపొద్దనను. నిజంగా అనుమానమున్న చోట ఆపాలి, కొన్నిసార్లు ఆపామని చెప్పకూడదని చట్టమే అంటుంది. కానీ ఇంటిపేరు తారుమారైనదీ, అనుమానాస్పద లావాదేవీ, రెండూ ఒకే గంపలో వేయకూడదు. మొదటి రకానికి ఒక ఫోన్ కాల్ చాలు. మన కౌంటర్లలో ఈ రెండూ కలిసిపోవడానికి కారణం భయం. ఎటూ జవాబు చెప్పక్కర్లేనప్పుడు ఆపేయడమే అందరికీ క్షేమం.

బాధ్యత తేల్చకుండా వదిలేస్తే ఏమవుతుందో సింగపూరే చూసింది. 2023లో అక్కడినుంచి చైనాకు డబ్బు పంపినవాళ్లలో చాలామందికి, ఇంటిదగ్గర ఖాతాలను అక్కడి పోలీసులు స్తంభింపజేశారు. కంపెనీలు మధ్యలో ఎవరెవరో ఏజెంట్ల ద్వారా డబ్బు చేరవేశాయి, ఆ ఏజెంట్ల డబ్బులో మోసపు సొమ్ము కలిసింది. కూలీ చేసి పంపినవాడి భార్య ఖాతా ఆగిపోయింది. చివరికి సింగపూర్ మానిటరీ అథారిటీ 2024 జనవరి 1నుంచి ఆ రకం దారుల్లో చైనాకు పంపడాన్నే ఆపించింది. ముందు జాగ్రత్తగా అది సరైన పనే. కానీ అప్పటికే ఇరుక్కున్నవాళ్ల డబ్బు ఒక దేశపు కంపెనీకీ ఇంకో దేశపు పోలీసుకూ మధ్య ఉండిపోయింది.

ఈ ఊళ్లో ఉండి ఇవన్నీ రాస్తుంటే పాత సంగతులు గుర్తుకొస్తాయి. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ తలుపులు మూసింది. చిన్న ఉద్యోగులు, పింఛనుదారులు, వితంతువులు దాచుకున్న డబ్బు వేలమందిది మునిగిపోయింది. దాని భాగస్వామి లండన్‌లో ఇంకో కంపెనీ నడిపేవాడు, పతనం అక్కడ మొదలైంది, ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఇక్కడ సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కు 18 నెలల జైలు పడింది. మద్రాసు పుస్తకాన్నీ లండన్ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసే పని అప్పుడు ఎవరికీ లేదు. రెండు చోట్లా ఒకే రాజ్యమే పాలిస్తున్నా కూడా లేదు. ఆ దెబ్బ తిన్నవాళ్ల పట్టుదలతోనే మరుసటి ఏడాది 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది.

రంగం (రంగూన్) వెళ్లిన మన తెలుగువాళ్ల కథ ఇంకోటి. కోరంగి రేవునుంచి వెళ్లేవాళ్లు కాబట్టి బర్మాలో మనవాళ్లను కోరంగీలనేవాళ్లు. ఓడరేవులో మూటలు మోసి, ధాన్యం మిల్లుల్లో పనిచేసి ఇంటికి డబ్బు పంపేవాళ్లు. అదే రంగూన్‌లో వడ్డీ వ్యాపారం చేసే నాట్టుకోట్టై చెట్టియార్లు తమ ఏజెంట్లను మూడేళ్ల చొప్పున అక్కడికి పంపేవాళ్లు. ఆ ఏజెంటు భార్యాబిడ్డలు చెట్టినాడులోనే ఉండేవాళ్లు. రంగూన్ కొట్టులో లెక్క తేడా వస్తే కారైక్కుడి వాకిట్లో అడగొచ్చు. ఆ వ్యాపారంలో చెడూ చాలా ఉంది, బర్మా రైతుల భూములు వాళ్ల చేతుల్లోకి పోవడం చిన్న విషయం కాదు. అయినా వాళ్ల మధ్య డబ్బు సముద్రం దాటడానికి ధైర్యమిచ్చింది ఇదే, రెండు వైపులా జవాబు చెప్పే మనిషి ఒకడే. 1937 ఫిబ్రవరి 10న ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు పెట్టినప్పుడు ఒకేరోజు కారైక్కుడిలో, మద్రాసులో, రంగూన్‌లో తెరిచారు. మౌంట్ రోడ్డులో ఆ బ్యాంకు భవనం ముందునుంచి బస్సులో వెళ్లినప్పుడల్లా నాకు ఆ మూడు ఊళ్ల పేర్లూ గుర్తొస్తాయి.

కువైట్ దారి సంగతి ఈ లెక్కల్లో ఇంకా వెనకే ఉంది. రాయచోటి, రాజంపేటల నుంచి, కోనసీమనుంచి ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు పంపే డబ్బు ఇప్పటికీ చాలావరకు ఎక్స్ఛేంజ్ దుకాణాల క్యూల్లోంచే వస్తుంది. సింగపూర్‌తో రాసుకునే ఒప్పందంలో ఫిర్యాదుకు ఒక మంచి పద్ధతి కుదిరితే, రేపు కువైట్‌తో కూర్చున్నప్పుడు దాన్నే ముందు పెట్టొచ్చు. మొదటిదాంట్లో వదిలేస్తే తర్వాతవన్నీ దాన్నే నకలు చేస్తాయి. ఆఫీసుల్లో పాత ఫైలు చూసి కొత్త ఫైలు రాయడం నాకు తెలియనిది కాదు.

నా గాజులు పన్నెండో రోజున విడిపించాను. పదకొండు రోజుల వడ్డీ ఎవరిని అడగాలో తెలియక అడగలేదు. తమ్ముడు ఆ తర్వాత ఆ యాప్ తీసేశాడు, ఇప్పుడు కొత్త దారిలోనే పంపుతున్నాడు, నిమిషంలో వస్తోంది. కానీ ఒక్కసారిగా పంపడు. ముందు పది డాలర్లు పంపి నాకు ఫోన్ చేస్తాడు. నేను పిన్ని ఫోన్ తీసుకుని, మెసేజ్ వచ్చిందాకా చూసి, "వచ్చిందిరా" అంటాను. అప్పుడు మిగతాది పంపుతాడు. మొన్న ఆదివారం వాళ్లమ్మ మందులకు పంపినప్పుడూ అంతే. పదీ వచ్చాక, "పేరు సరిగ్గా పడిందా అక్కా, ఇంటిపేరు ముందుందా వెనకుందా" అని అడిగాడు. చదివి వినిపించాను.